గట్టు పసుపు, మామ గొంతు

తప్పే. దేవుడి పసుపును కాలవలో పారబోశాను. ఎన్నిసార్లు అడిగినా అదే చెప్తాను. కానీ నేను పారబోసిన సంగతే మా అత్త పుట్టింటివాళ్లు ఊరంతా చెప్తారు, ఎందుకు పారబోశానో చెప్పరు.

మా మేనమామది ఎమ్మిగనూరు. మగ్గం నేస్తాడు. ఏటా దసరాకు దేవరగట్టు కొండ మీద, స్వామి విగ్రహాల కోసం ఊళ్లవాళ్లు కొట్టుకునే కర్రల సమరానికి పోతాడు. మొన్నటి దసరాకు నెత్తి పగలగొట్టుకుని, గొంతు పోయేలా అరిచి వచ్చాడు. గట్టు మీద దెబ్బ తగిలితే ఆస్పత్రికి పోరు, స్వామి పసుపు అద్దుకుంటారు. నెత్తి మానింది. గొంతు రాలేదు. శివరాత్రికి నేను హైదరాబాదు నుంచి వెళ్లేసరికి మెడ చుట్టూ పసుపు పట్టించుకుని గుసగుసగా మాట్లాడుతున్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఫోన్ తీసి మొహం ముందు పెట్టాను. మామ ప్రాణం పెట్టే నాయకుడి వీడియో. మైకు లేకుండానే మైదానం అదరగొట్టే మనిషి. గొంతు క్యాన్సర్‌కు వారాల తరబడి రేడియేషన్ తీసుకుని, బయటపడి, మొదటిసారి మాట్లాడుతున్నాడు.

"సభల్లో అరిచి గొంతు పోయిందనుకున్నా. అదే నా పొరపాటు."

"విన్నావా మామా? రేపే ఆదోని పోదాం. డాక్టరుకు చూపిద్దాం."

మామ నవ్వాడు. "నెత్తి పగిలినబుడే పోనోన్ని, గొంతుకు పోతానా పాపా? ఫోన్లో సూసి నాకు రోగం అంటగడతాండావు."

"సామి పసుపుండంగా డాక్టరేందిమే!" అంది అత్త.

గూట్లోని పసుపు డబ్బా లాక్కుని వీధి కాలవలో బోర్లించాను. మామ గోడకున్న కర్ర అందుకున్నాడు, గట్టుకు తీసుకుపోయే ఇనుప కట్ల కర్ర. ఒక్కటే దెబ్బ. భుజం దిమ్మెక్కింది. ఫోన్ ఎగిరి, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలో పడింది. నేనూ ఊరుకోలేదు. కర్ర పట్టి లాగి, మామను గోడకేసి తోశాను.

"కొట్టు! చచ్చేలోపు ఇంకెన్ని కొడతావో కొట్టు!"

మామ తిట్టబోయాడు. నోట్లోంచి గాలి మాత్రమే వచ్చింది. గుంతలో పగిలిన ఫోన్లోంచి నాయకుడు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. అరిగిపోయిన గొంతు. అచ్చం మామదే.

మామ కర్ర వదిలేశాడు. గుంత అంచున కూలబడి, మళ్లీ మొదటినుంచి పెట్టమని వేలు చూపించాడు.

మర్నాడు ఆదోనిలో ముక్కులోంచి సన్న గొట్టం పంపి చూశారు. లోపల గడ్డ. ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సరే. ఇంకా పాకలేదన్నారు. కర్నూలులో రేడియేషన్ ఇచ్చారు. గుక్కెడు గంజి మింగలేక, ఆ మంటకు గ్లాసు నా మొహాన విసిరికొట్టిన రోజులున్నాయి. నేనూ తిరిగి కసిరాను, మళ్లీ గంజి కలిపాను.

మొన్న గొంతు పెగిలింది. మొదటి మాట, "నా పసుపు డబ్బా యాడ పెట్నావు పాపా?"

కొత్తది తెచ్చి గూట్లో పెట్టాను. నా భుజం మాత్రం ఇంకా సరిగ్గా పైకి లేవదు. ఆ రోజు మర్యాదగా ఆ డబ్బాను గూట్లోనే వదిలేసి ఉంటే, నన్ను ఈ మాట అడగడానికి మామ ఉండేవాడా? ఉండేవాడని ఎవరైనా నా ముందుకొచ్చి చెప్పగలరా?