కాళ్లకే కాల్చాననుకున్నాను

మొన్న ఆదివారం అన్నాలు తిని లేచాక నా కొడుకు ఒక దరఖాస్తు కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. నా పేరున ఉన్న రివాల్వరు లైసెన్సును తన పేరుకు మార్పించుకోవడానికి నా సంతకం కావాలట. హిందూపురం చుట్టుపక్కల స్థలాల బేరాలు చేస్తుంటాడు, ఎవరో ఫోనులో బెదిరించారని నెల రోజులుగా బితుకుబితుకుమంటున్నాడు. "ఎవుర్నీ సంపేదానికి కాదు నాయనా, మీదికొస్తే కాళ్లకే కాలుస్తా" అన్నాడు. కలం మూత తీసినవాణ్ణి మళ్లీ పెట్టేశాను. ముప్పై మూడేళ్ల వయసులో, ధర్మవరం మగ్గాల వీధిలో నేనూ సరిగ్గా ఆ మాటే అనుకున్నాను.

నేను పుట్టింది ఆ వీధిలోనే. ఐదో తరగతితో బడి మానేసి, పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నిలబెట్టుకున్నవాణ్ణి. ఎదురింటి పెద్దమ్మ, రక్తసంబంధం లేకపోయినా వరస కలుపుకున్న పెద్దమ్మ, మగ్గం గుంటలో కాళ్లు పెట్టి నేలమట్టాన కూర్చుని నేస్తుంటే, పక్కన చేరి దారం కండెలు చుట్టిచ్చేవాణ్ణి. గుంట మగ్గం ఎరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు గానీ, ఆ మగ్గం మీది మనిషి గడపకు అవతల నిలబడ్డవాడి మోకాలికి ఎదురుగా గుండె పెట్టుకుని కూర్చున్నట్టు. వాకిట్లో ఎవరొచ్చిందీ మొహం చూడకుండా పాదాలు చూసే చెప్పేది పెద్దమ్మ. నేను వస్తే "వచ్చినావా దుమ్ముకాళ్లోడా" అని నవ్వేది.

పెద్దయ్యాక హిందూపురంలో పట్టుగూళ్లు కొని, దారం తీయించి, ధర్మవరం నేతగాళ్లకు ఇచ్చే వ్యాపారంలో పడ్డాను. గూళ్ల వేలంలో కొందరు కూడబలుక్కుని రైతుల ధర తొక్కిపెడుతుంటే కడుపు మండి ఎదురు పాడాను. చంపుతామన్నారు. ఉత్తమాట కాదని తెలిసి లైసెన్సుకు తిరిగి తిరిగి ఈ రివాల్వరు సంపాదించుకున్నాను, అది నడుముకు ఉంటే చాలు, కాల్చే పని రాదనుకున్నాను.

ఒక మధ్యాహ్నం దారం మూట భుజాన వేసుకుని మా వీధిలో పోతున్నాను. ఇద్దరు వేటకొడవళ్లతో సందు మలుపు తిరిగి నా మీదికి పరుగెత్తుకొచ్చారు. నా వెనక గోడ, పారిపోయే దారి లేదు. రివాల్వరు తీశాను. ఎత్తి గుండెకు గురిపెట్టాను కూడా. అంతలో, చంపిన పాపం నాకెందుకు, కాళ్లకు కొడితే పడిపోతారు అని చెయ్యి దించాను. నేను చేసిన మంచి అదొక్కటే, ఆ మంచే కొంప ముంచింది. తూటా వాళ్ల కాళ్ల సందున దూరి, తెరిచి ఉన్న ఎదురింటి గడప దాటి పోయింది. వాళ్లు కొడవళ్లు పారేసి పరుగెత్తారు. పెద్దమ్మ మగ్గం చప్పుడు ఆగిపోయింది.

ఆమె గుంటలో కూర్చుని ఉందని చెబుతూ ఆ చప్పుడు నేను వీధిలో అడుగుపెట్టినప్పటి నుంచీ నా చెవిన పడుతూనే ఉంది. ఇన్నేళ్లుగా నన్ను తినేస్తున్నది ఇదే.

తూటా తగిలిన పెద్దమ్మ అనంతపురం ఆస్పత్రిలో నాలుగు రోజులే బతికింది. రెండో రోజు మంచం పక్కన కూలబడి, వాళ్ల కాళ్లకే కాల్చాను పెద్దమ్మా అని ఏడ్చాను. ఆమె తిట్టలేదు, నాకేసి వింతగా చూసింది. "కాళ్లకా? నేను కూసునేది ఆడే గదప్పా. నీకు తెలీదా?" అంది.

ఆ తర్వాత నన్ను చాలామంది చాలా అడిగారు. ఎందరొచ్చారు, ఏం పట్టుకొచ్చారు, ఎన్ని అడుగుల దూరం. పెనుకొండ కోర్టులో వకీలు నా తరఫున గొంతు చించుకున్నాడు, ఆత్మరక్షణే అని తేల్చి నన్ను వదిలేశారు. కాల్చినప్పుడు వాళ్ల వెనక, ఆ గడప లోపల ఎవరున్నారని ఒక్క మనిషీ అడగలేదు, పెద్దమ్మ అడిగింది తప్ప! పాత లా పుస్తకమొకటి కొని, తెలియని మాటలకు నిఘంటువు పక్కన పెట్టుకుని నేనే చదివాను. ప్రాణం మీదికొచ్చినప్పుడు, పక్కవాళ్లకు ముప్పు ఉన్నా తప్పనిసరైతే కాల్చవచ్చని దాన్లోనూ ఉంది. ఉంటే ఉండనీ. తప్పు లేదని తేల్చినవాళ్లెవరూ ఆ గడప తొక్కలేదు, సగంలో ఆగిన ఆ చీర చూడలేదు. రివాల్వరును మాత్రం శుభ్రంగా రసీదు రాయించుకుని నా చేతికే తిరిగిచ్చారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ తీసుకున్నాను. ప్రాణభయం అంత చెడ్డది. ఎన్నికలొస్తే రూలు ప్రకారం ఠాణాలో అప్పజెప్పడం, అయిపోయాక తెచ్చుకోవడం, మళ్లీ బీరువాలో పెట్టడం, ఇలాగే గడిచిపోయింది.

ఇదంతా మొదటిసారి నా కొడుక్కి చెప్పాను. ఓపిగ్గానే విన్నాడు. "అది మగ్గాల వీధి నాయనా, నేను తిరిగేది లేఔట్లలో" అన్నాడు. సంతకం పెట్టనన్నాను. "నువ్వు పెట్టకుంటే నేనే కొత్తగా అర్జీ పెట్టుకుంటాలే" అని బండెక్కి వెళ్లిపోయాడు.

సోమవారం పొద్దున్నే రివాల్వరును ఠాణాకు తీసుకెళ్లాను. కానిస్టేబులు నవ్వాడు, "ఏమప్పా పెద్దాయనా, ఎలక్షన్లు కూడా లేవే, అప్పుడే తెచ్చినావు?" మళ్లీ తీసుకుపోవడానికి రానని చెప్పి, ఇచ్చేశాను. బరువేమీ దిగలేదు. నా కొడుకును చంపుతారేమోనన్న భయం ఒకటి, వాడు ఎవరిని చంపుతాడోనన్న భయం ఒకటి, రెండూ పట్టుకుని ఇంటికొచ్చాను.

ధర్మవరంలో ఇప్పుడు మరమగ్గాలొచ్చాయి. ఎదురింటి గుంట పూడ్చి పైన నున్నటి టైల్స్ పరిచారు, ఎవరూ నేలమట్టాన కూర్చుని నేయడం లేదు. మా వీధిలో కాళ్లెత్తున కాలిస్తే ఈనాడు తగిలేది ఇనుమే కావచ్చు. కానీ నా కొడుకు తిరిగే లేఔట్లలో, ఇటుకల గుట్టల వెనక నీడ చూసుకుని, చిలమత్తూరు కూలివాళ్లు సద్ది విప్పుకుని నేల మీదే కూర్చుంటారు. మగ్గానికైతే చప్పుడైనా ఉండేది.