అవ్వ ఊ కొట్టిన కథ

టీవీ సీరియళ్లు కొత్తగా ఊపందుకున్న రోజులవి. బడికి పోకుండా ఇంట్లో మా నాన్న, బాపు దగ్గరే చదువుకున్న నేను, బీడీలు చుట్టే అక్కాచెల్లెళ్ల మీద ఒక కథ అల్లుకున్నాను. అది వినడానికి హైదరాబాద్ నుంచి ఒక టీవీ నిర్మాత బోధన్‌లోని మా ఇంటికి వచ్చాడు. మిట్టమధ్యాహ్నం, ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను.

“కథ నాదని ఒక కాయితం రాసియ్యున్రి సార్, తర్వాత చెప్త,” అన్నాను.

“కాగితాలు ఎక్కడికి పోతాయమ్మా, ముందు కథ కానివ్వు,” అని నవ్వాడు.

మొహమాటపడి మొదలుపెట్టాను. మాట మాటకూ లోపలి గదిలోంచి “ఊ... ఊ...” అని వినిపించసాగింది. సరిగ్గా ముగింపు దగ్గర ఆ ఊ ఆగిపోయింది. వినేవాళ్లు ఊ కొట్టకపోతే కథ ఆపేయడం నాకు చిన్నప్పటి అలవాటు. నా నోరు మూతపడింది.

“లోపల ఎవరమ్మా?” అన్నాడాయన.

“మా అవ్వ గొంతు సార్. కాని అవ్వ పోయి ఏడాదైంది.”

ఆయన లేచి తలుపు తీశాడు. లోపల బీడీలు చుట్టే తునికాకు కట్టలు తప్ప ఎవరూ లేరు. వచ్చి కూర్చుని, కథ నాదేనని రాసి సంతకం పెట్టాడు. కలం ఎత్తగానే ఆ గదిలోంచి మళ్లీ “ఊ” అని వినిపించింది.

దేవుడి దయవల్ల సీరియల్ నా పేరుతోనే వచ్చింది. కథలు చెప్పబోయే చెల్లెళ్లారా, ముందు సంతకం తీసుకోండి. నాకది గుర్తుచేయడానికి పాపం అవ్వ రావలసి వచ్చింది.