సముద్రం దాటే చెల్లెలికి రేడియో

తెరచాప పడవలో బంగాళాఖాతం దాటి అండమాన్ వెళ్తానని మా చెల్లెలు చెప్పినప్పుడు ఇంట్లో అందరూ భయపడ్డారు. నా గుండె కూడా దడదడలాడింది కానీ అది భయంతో కాదు. అంత దూరం వెళ్ళేవాళ్ళకు పడవలో రేడియో ఉండాలి కదా, అన్నదే నాకు వచ్చిన మొదటి ఆలోచన.

చెల్లెలంటే మా చిన్నాన్న కూతురు. చెన్నైలో ఉద్యోగం. ఆమె భర్త, మా మరిది, చాలా ఏళ్ళు సరుకు ఓడల్లో ఇంజనీరుగా పనిచేసి మానేశాడు. ఇద్దరూ కలిసి ఒక పాత పడవ కొని, సెలవు దొరికినప్పుడల్లా దాన్ని గీకుతూ, రంగులు వేస్తూ, అతుకులు పెడుతూ ఉండేవాళ్ళు. మేమంతా అది కాలక్షేపం అనుకున్నాం.

నాది నగరి. మా ఆయనకు మర మగ్గాలున్నాయి. తిరుపతిలో చదువుకునే రోజుల్లో నేను పరీక్ష రాసి హామ్ రేడియో లైసెన్సు తెచ్చుకున్నాను. ఇంట్లో కూర్చుని, టవరూ ఇంటర్నెట్టూ ఏమీ లేకుండా, ఒక తీగ కట్టుకుని ఎక్కడెక్కడి వాళ్ళతోనో మాట్లాడుకునే సరదా అది. అయితే నగరిలో పగలంతా మగ్గాల మోటార్ల రొద రేడియోలోకి కూడా దూరుతుంది. బరబరమనే ఆ చప్పుడులో మనుషుల గొంతులు మునిగిపోతాయి. కరెంటు పోతే వీధి వీధంతా తిట్టుకునేది, నేను మాత్రం బ్యాటరీ తగిలించి మేడ మీదికి పరిగెత్తేదాన్ని. మా ఆయన కింద నుంచి, "పో, నీ టైమొచ్చింది" అనేవాడు.

వచ్చే మాఘమాసంలో బయల్దేరాలని వాళ్ళ ఆలోచన. దానికి చాలా ముందే ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు. సెల్‌ఫోను తీరం దాటిన కాసేపటికే పనిచేయదు. పడవల్లో మామూలుగా ఉండే చిన్న రేడియో కంటికి కనిపించేంత దూరమే వెళ్తుంది. ఆ తర్వాత రెండే దారులు. ఒకటి ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరం, రెండోది నా దగ్గరున్నలాంటి దూరపు రేడియో. మరిది అప్పటికే మొదటిదాన్ని ఖాయం చేసుకున్నాడు. గుప్పిట్లో పడుతుంది, బ్యాటరీ తినదు, పడవ ఎక్కడుందో ఫోనులో చుక్కలా చూపిస్తుంది, ఆపద వస్తే ఒక మీట చాలు. మన దేశంలో దాన్ని ఎవరు పడితే వాళ్ళు పెట్టుకోకూడదు కాబట్టి అనుమతి కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నానన్నాడు.

నేను ఊరుకోలేదు. రేడియో తరంగం ఆకాశం పైపొరకు తగిలి తిరిగి నేలకు దిగుతుందని, పొద్దును బట్టి, దూరాన్ని బట్టి తరంగం మార్చుకుంటే సముద్రం నడిమధ్య నుంచి కూడా గొంతు వినిపిస్తుందని ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయాను. చెల్లెలు కాఫీ తాగుతూ అంతా విని నా కళ్ళలోకి చూసింది.

"అక్కా, నువ్వు నిజంగానే చెప్తాండావా, రేడియో పిచ్చిలో చెప్తాండావా?"

రెండూ అని ఒప్పుకున్నాను. ఆమెకు ఒకసారి వినిపించాలనిపించింది. నగరిలో కుదరదు. అందుకని ఆ ఆదివారం రేడియో, తీగ చుట్ట, కారు బ్యాటరీ వేసుకుని పుత్తూరు, చిత్తూరు, పూతలపట్టు దాటి ఐరాల దగ్గర చిన్నమ్మ, అంటే చెల్లెలి వాళ్ళమ్మ, మామిడితోటకు వెళ్ళాం. మరిది నిచ్చెనెక్కి తీగ ఒక కొన కొబ్బరిచెట్టుకు కట్టాడు. ఇంకో కొన మామిడికొమ్మకు. చిన్నమ్మ కింద నిలబడి, కొమ్మ విరుస్తారేమోనని పైకి చూస్తూ ఉండింది.

మీట తిప్పాను. రొద లేదు. సన్నని జల్లులాంటి శబ్దం, అందులో నుంచి గొంతులు ఒక్కొక్కటిగా పైకి తేలాయి. కాసేపు వెతికాక ఇంగ్లీషులో ఒక మగ గొంతు దొరికింది. మాల్దీవుల నుంచి తూర్పుకు పోతున్న పడవ. ఒక్కడే ఉన్నాడు. తానున్న చోటు చెప్పి, ఎదురుగా మబ్బు నల్లగా కమ్ముతోంది, ముందు ఏముందో ఎవరికైనా తెలుసా అని అడిగాడు. శ్రీలంక నుంచి ఒకామె పలికింది. కేరళ నుంచి ఒక పెద్దాయన వాతావరణ చిత్రం చూసి, ఇంకొంచెం దక్షిణానికి దిగమన్నాడు. ఆ నీళ్ళలోనే ఇంకెక్కడో ఉన్న మరో పడవ అతను, నిన్న నేను ఆ మబ్బులోంచే వచ్చాను, గాలి కంటే వానే ఎక్కువ అని ధైర్యం చెప్పాడు.

చెల్లెలు నా చెవుల మీది హెడ్‌ఫోన్లు లాక్కుని పెట్టుకుంది. అతను అందరికీ థాంక్స్ చెప్పి వెళ్ళిపోయేదాకా తీయలేదు. తీశాక నావైపు తిరిగింది.

"పిలిచింది ఒకడే. పలికింది ముగ్గురు. వాళ్ళెవరో ఆయనకు తెల్దు కదక్కా?"

తెలియదన్నాను. నాకు రేడియోనే కావాల, ఇంకేమీ వద్దు అనేసింది. అప్పుడు నేను అడ్డం పడాల్సి వచ్చింది. చెయ్యి విరిగినా, పడవలోకి నీళ్ళొచ్చినా, తెరచాప కొయ్య విరిగి తీగ తెగినా రేడియో ముందు కూర్చుని పిలుస్తూ ఉండే వీలుండదు. అప్పుడు మరిది చెప్పిన ఆ గుప్పెడు ఉపగ్రహం డబ్బానే దిక్కు. ఇంతవరకూ నేను కాదన్న డబ్బాను నేనే పొగుడుతుంటే మరిది నవ్వు ఆపుకోలేకపోయాడు. రెండూ పెట్టాలని ఆ తోటలోనే తీర్మానం అయింది.

ఆ తర్వాతి నెలలంత హుషారుగా నేనెప్పుడూ గడపలేదు. చెల్లెలు చదివి పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంది. తెరచాప కొయ్యను వెనక నుంచి పట్టి ఉంచే ఉక్కుతాడునే రేడియో తీగగా మార్చాం. దాని పైనా కిందా కరెంటు పారని దిమ్మలు బిగించి, పడవ లోపల రాగిరేకు పరిచి, ఎర్తు కోసం సముద్రపు నీటికి తగిలేలా చేశాం. చెన్నై రేవులో, ఊగుతున్న పడవలో నుంచి నేను మొదటిసారి పిలిచాను. విశాఖపట్నం నుంచి ఒకాయన వెంటనే పలికాడు. గొంతు పక్కింట్లోంచి మాట్లాడినంత స్పష్టంగా ఉందన్నాడు. చెల్లెలు, నేను ఒకరినొకరు పట్టుకుని గంతులేయబోతే పడవ పక్కకు ఒరిగింది. కూర్చోండి కూర్చోండి అని మరిది కేకలు. ఈలోగా ఉపగ్రహం పరికరానికి అనుమతి కూడా వచ్చేసింది.

వాళ్ళు బయల్దేరిన రోజు నేను ఐరాల తోటలోనే ఉన్నాను. ప్రతి సాయంకాలం పొద్దు వాలేముందు పిలవాలని మాట. మొదటి సాయంకాలం ఎంత పిలిచినా జవాబు లేదు. చిన్నమ్మ మొహం చూడలేకపోయాను. ఇంతలో నా ఫోనులో చుక్క కదిలింది. దాని కింద రెండే మాటలు: బాగున్నాం, వాంతులు. ఇద్దరూ పడకేసి ఉంటారు, రేడియో దగ్గరికి పాకే ఓపిక కూడా ఉండి ఉండదు. చిన్నమ్మ ఆ చుక్కను వేలితో ముట్టి చూసి, అన్నం తినడానికి లేచింది. మరిది డబ్బాకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

రెండో సాయంకాలం పిలిచీ పిలవకముందే నా కాల్‌సైన్, అంటే లైసెన్సుతో నాకిచ్చిన గుర్తు, వినిపించింది. అది చెల్లెలి గొంతు. అల మీద ఎక్కి దిగుతున్నట్టు పెరుగుతోంది, తగ్గుతోంది.

"అక్కా, ఇనపడతా ఉండాదా? సుట్టూ నీళ్ళేనక్కా. గాలి బాగుండాది. పడవ ఉరుకుతా ఉండాది."

మైకు నొక్కాను. వినపడుతోందని మూడు సార్లు చెప్పాను. చిన్నమ్మ నా భుజం మీద పడి, అన్నం తినిందా అడుగు, అని చెవిలో గొణిగింది. మా ఇద్దరిలో లైసెన్సు నాకే ఉంది కాబట్టి ఆమె మాటలు నేనే చేరవేయాలి. సంగటి వండుకున్నామని, ఊరగాయ నంజుకుని తిన్నామని జవాబు వచ్చింది. మాట ముగిశాక చిన్నమ్మ నన్ను అడిగింది.

"ఆ పరీక్ష నేను రాయొచ్చునా? వయసు అడ్డమేమన్నా ఉండాదా?"

లేదన్నాను. ఆ వారంలోనే పుస్తకం తెప్పించుకుంది.

పడవ దూరమయ్యే కొద్దీ తరంగం మార్చుకుంటూ ప్రతి సాయంకాలం మాట్లాడుకున్నాం. ఆ రోజు తోటలో విన్న కేరళ పెద్దాయన, విశాఖపట్నం ఆయన కూడా రోజూ మా తరంగం మీదికి వచ్చేవాళ్ళు. నాకు సరిగా వినపడనప్పుడు వాళ్ళు విని చెప్పేవాళ్ళు. ఒకరోజు చెల్లెలు కాస్త ముందుగానే పిలిచింది. గొంతు బొంగురుపోయింది. రాత్రంతా నిద్రపోయినట్టు లేదు.

"అక్కా, దీవి కనపడతా ఉండాది. పచ్చగా. నేల వాసన గూడా వస్తాండాది."

మా అందరికంటే ముందు విశాఖపట్నం ఆయనే అభినందనలు చెప్పేశాడు. నేను మైకు అందుకున్నాను. చిన్నమ్మ రూలూ గీలూ మరిచిపోయి నా చేతిలోని మైకు లాక్కుని కూతురి పేరు పెట్టి గట్టిగా పిలిచింది. అవతల నుంచి నవ్వు, దాని వెనకే మరిది నవ్వు, ఆ వెనక తెరచాప టపటపలు వినిపించాయి.