సగంలో తెగిన ఊరి పేర్లు

2007 జులై, శుక్రవారం. ఆఫీసులో ఉన్నవారు: యజమాని రమణ, సుజాత, నేను.

ఆనాటి డైరీలో ఇంతే ఉంది. మిగతా పేజీ ఖాళీ. ఇన్నేళ్లుగా ఆ ఖాళీయే నా గుండెల మీద కూర్చుంది. ఇప్పటికీ ఫోను మోగితే సుజాతేమోనని ఉలిక్కిపడతాను. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

అనకాపల్లిలో మాది చిన్న కంప్యూటర్ ఆఫీసు. పరవాడలోని ఒక మందుల కంపెనీ తన కార్మికుల పేర్లు, వాళ్లు బస్సెక్కే ఊళ్లు ఒక ఫైలుగా పంపేది. దాన్ని చదివే ప్రోగ్రామ్ నాది. చదివినదాన్ని జాబితాగా అచ్చువేసే ప్రోగ్రామ్ సుజాతది. ఆ జాబితా చూసే కంపెనీ బస్సులు ఊళ్లకు వెళ్లేవి. ఫైలును విడదీసి చదివే పార్సర్‌తో పని చేయడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకదానిలో అదే చదువుకుంటూ పోయి, కనబడిందల్లా మనల్ని పిలిచి చెబుతుంది. రెండోదానిలో మనం అడిగినప్పుడే తర్వాతి ముక్క ఇస్తుంది.

"అది సెప్పుకుపోతుంటే మనం ఎక్కడని పట్టుకుంటాం మాస్టారూ? మనవే అడిగి తీసుకుందాం," అంది సుజాత.

నేను వినలేదు. అడక్కముందే చెప్పేదాన్నే నమ్మాలని వాదించాను. పెద్ద ఫైలులో పార్సర్ ఒక్కోసారి ఒకే పేరును రెండు ముక్కలుగా చెబుతుంది. రెండో ముక్క రాగానే నా ప్రోగ్రామ్ మొదటిదాన్ని చెరిపేసేది. చిన్న ఫైలుతో చూసి సరేననుకున్నాను.

ఆ శుక్రవారం జాబితాలో దేవరాపల్లి ఉండాల్సిన చోట 'పల్లి' మాత్రమే ఉంది. బస్సు అక్కడికి వెళ్లలేదు. ఆ ఊరివాళ్లకు ఆ రోజు డ్యూటీ పోయింది.

"ఏటమ్మా, ఊళ్లకి ఊళ్లే మింగేసేవు?" అన్నాడు రమణ.

"నాకు అందిందే అచ్చేసేను సార్. మాస్టారి ప్రోగ్రాం కూడా సూడండి."

"మాస్టారిదేటి సూత్తాం! ఆయన తుమ్మినా డైరీలో రాసుకుంటారు. రేపు తాళం ఇచ్చీసి ఎల్లిపో."

తప్పు ఎక్కడుందో నాకు అప్పటికే తెలుసు. ముందురోజు పేజీలో నా చేతిరాతే ఉంది: 'పెద్ద ఫైలుతో చూడలేదు.' మరి నోరెందుకు పెగల్లేదు? భయమా? నిన్నగాక మొన్న చేరిన పిల్ల మాటే నెగ్గుతుందన్న కడుపుమంటా? అడక్కముందే చెప్పాలని అంతగా వాదించినవాణ్ణి, ఎవరైనా అడిగితే చెబుదామని కూర్చున్నాను. ఎవరూ అడగలేదు.

తప్పు నాది. ఈ రెండు మాటలూ ఇన్నేళ్లకు ఇప్పుడు రాశాను. అంతకు మించి ఏమీ మారలేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్లి, ముక్కలు రెండూ కలిసేలా నా ప్రోగ్రామ్‌లో ఒక్క వరుస మార్చాను. తెర మీద దేవరాపల్లి నిండుగా వచ్చింది. పదింటికి సుజాత వచ్చి బీరువా తాళంచెవి నా బల్ల మీద పెట్టింది. తెర వైపు చూసింది. తర్వాత నా వైపు.

"వత్తాను మాస్టారూ," అంది. ఏమీ అడగలేదు.