ఆడోళ్ల లైన్ వెతుక్కుంటూ మల్టీప్లెక్సుకు

మొన్న శుక్రవారం నాకు వారపు సెలవు. నేను విమానాశ్రయంలో సరుకుల విభాగంలో పనిచేస్తాను కాబట్టి నా ఆదివారం ఎప్పుడు వస్తుందో నాకే తెలియదు. కొత్త సినిమా మొదటి రోజున సెలవు దొరకడమంటే పండగే. పొద్దున్నే ఫోన్‌లో చూస్తే పదకొండున్నర ఆటకు ఒక్క సీటూ లేదు. నిరాశగా ఫోన్ పక్కన పెడుతుంటే మా పెద్దమ్మ అంజమ్మ నవ్వింది.

“ఫోన్ల లేకుంటే ఏంది? లైన్ల నిలవడ్తం. నేను పోయినంక టికెట్ లేకుంట ఇంటికొచ్చిన్నా ఏనాడన్న?”

మాట నిజమే. శంషాబాద్ పాత టాకీసులో ఆడవాళ్లకు వేరే కిటికీ ఉండేది. మగవాళ్ల లైనులో చొక్కాలు చిరుగుతుంటే, పెద్దమ్మ కొంగు నడుముకు చుట్టి ఆ కిటికీ దగ్గరికి వెళ్లేది. మా ఊరు కొత్వాల్‌గూడ కుర్రాళ్లంతా బయట నిలబడి “అక్కా, నాకు రెండు”, “అత్తా, నాకొకటి” అని నోట్లు అందించేవాళ్లు. ఆమె పిడికెడు టికెట్లతో తిరిగొచ్చేది. ఇప్పుడా టాకీసు ఫంక్షన్ హాలయింది. అది మూతపడ్డాక పెద్దమ్మ సినిమాకు పోనేలేదు.

తొమ్మిదీ నలభైకి బయలుదేరాం. ఊళ్లో నుంచి శంషాబాద్ దాకా షేర్ ఆటో, మనిషికి ముప్పై రూపాయలు. బస్టాండు దగ్గర ఇడ్లీ తిని, పదీ పదికి మాల్ వైపు వెళ్లే బస్సెక్కాం. నాకు ఇరవై రూపాయల టికెట్. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి, పెద్దమ్మ ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరమ్మ సున్నా టికెట్ కొట్టిచ్చింది.

“చూసినవా, ఆడోళ్ల లైన్ గీడ ఇంక నడుస్తనే ఉంది” అని మురిసిపోయింది పెద్దమ్మ. కిటికీలోంచి కిందికి దిగుతున్న విమానం కనిపించినా తల తిప్పలేదు. నా సంగతి చెప్పాలంటే, లోపల గుబులుగా ఉంది. ఉత్త చేతులతో తిరిగొస్తే ఈ వయసులో ఆమె పేరు నేనే పాడుచేసినవాణ్నవుతాను.

పదిన్నరకు మాల్ దగ్గర దిగాం. థియేటర్ మూడో అంతస్తులో. ఎస్కలేటర్ మీద పెద్దమ్మ నా మోచెయ్యి వదలలేదు. పైకెళ్లి చూస్తే కౌంటర్ దగ్గర పురుగు కూడా లేదు. లోపల ఒకమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది.

“ఆడోళ్ల లైన్ ఏడుంది బిడ్డా?” అని అడిగింది పెద్దమ్మ.

ఆ అమ్మాయికి ఒక్క క్షణం అర్థం కాలేదు. “అట్లాంటిదేం లేదండీ. టికెట్లన్నీ ఆన్‌లైన్లోనే అయిపోయాయి” అంది.

నేను వెనక్కి తిరిగాను. పెద్దమ్మ కదల్లేదు. “ఎవరన్న వాపస్ ఇస్తరు, జర ఆగు” అని పక్కనున్న బెంచీ మీద కూర్చుని సంచి విప్పింది. అందులో ఉడకబెట్టిన పల్లీలు. బయటి తిండి లోపలికి తేవద్దని బోర్డు ఉంది కాబట్టి అక్కడే తినేద్దామంది. అదే బెంచీ మీద ఒకామె ఇద్దరు ఆడపిల్లలతో కూర్చుని ఫోన్‌లో ఉర్దూలో గట్టిగా మాట్లాడుతోంది. పిల్లల చేతుల్లో తలా పిడికెడు పల్లీలు పెట్టింది పెద్దమ్మ.

ఆమె ఫోన్ పెట్టేసి తలకొట్టుకుంది. పేరు రజియా, ఉండేది శంషాబాద్‌లోనే. “మా చెల్లె, మరిది బెంగళూరు నుంచి సీదా గీడికే వస్తమన్నరు అక్కా. ఫ్లైటు నాలుగు గంటలు లేటంట. వాళ్ల టికెట్లు రెండు బేకార్ అయితున్నయ్.”

పెద్దమ్మ నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. “పైసలు తీయిరా!”

టికెట్ రెండు వందల తొంభై ఐదు. ధర విని పెద్దమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. “గీ పైసలకు ఊరంత సినిమా చూసేటోళ్లం గద!” రజియా పగలబడి నవ్వింది. “మా అమ్మీ గూడ ఆ టాకీసుల ఆడోళ్ల కిటికీ కాడ నిలవడేదక్కా. గాజులు పగిలేటియి” అంది.

గేటు దగ్గర కుర్రాడు రజియా ఫోన్ మీద మిషన్ పెట్టి మమ్మల్నందరినీ లోపలికి పంపాడు. పెద్దమ్మ చెయ్యి చాపి అక్కడే నిలబడింది. “నా సగం ముక్క?” పాత టాకీసులో గేటు దగ్గర టికెట్ చింపి సగం చేతిలో పెట్టేవాళ్లు. ఇప్పుడు టికెట్ ఫోన్లోనే ఉంటుందని ఎంత చెప్పినా ఆమె ముఖం చిన్నబోయింది. “చేతిల లేంది, టికెట్ దొరికినట్టెట్ల?” అని గొణుక్కుంటూ లోపలికి వచ్చింది.

లోపల చలి. మెత్తటి సీటు. తెర వెలగ్గానే గొణుగుడు ఎగిరిపోయింది. హీరో వచ్చినప్పుడు పెద్దమ్మ వేసిన ఈలకు ముందు వరసలన్నీ వెనక్కి తిరిగాయి. రజియా పిల్లలు ఆగకుండా చప్పట్లు కొట్టారు. ఇంటర్వెల్లో పాప్‌కార్న్ మూడు వందల ఇరవై అన్నారు. ఒక్కటే కొని ఐదుగురం పంచుకున్నాం. మీరు వెళ్తే ఇంట్లోనే కడుపునిండా తిని వెళ్లండి.

రెండున్నరకు ఆట అయిపోయింది. రజియా చెల్లెలిని తీసుకురావడానికి ఎయిర్‌పోర్టు వైపు వెళ్లింది. మేం మూడింటికి తిరుగు బస్సెక్కాం. ఇద్దరికీ కలిపి ఖర్చు వెయ్యి దాటింది. అయినా నా మనసు గాల్లో తేలుతోంది.

కండక్టర్ సున్నా టికెట్ చేతిలో పెట్టగానే పెద్దమ్మ దాన్ని తొడ మీద పెట్టి సాపు చేసింది. మధ్యకు మడిచి, గోటితో గీసి, సగానికి చింపి ఒక ముక్క నాకిచ్చింది.

“అయ్యో, చింపినవేందమ్మా! చెకింగోళ్లొస్తే?” అని కండక్టర్ కంగారు పడ్డాడు.

“రెండు ముక్కలు ఒక్కకాడ వెట్టి చూపెడ్త” అని, పెద్దమ్మ తన ముక్కను కొంగున ముడేసుకుంది. “ఇగ సరిపోయింది బిడ్డా. టికెట్ లేకుంట ఇంటికి పోతలేను.”