బాబాయ్ దిద్దిన బయోడేటా

ఇప్పుడంటే ఫోను తెరవాలన్నా వేలు పెట్టాలి, మొహం చూపించాలి. నిద్ర లేచేసరికి మొహం కాస్త ఉబ్బి ఉంటే మన ఫోనే మనల్ని ఎవరు నువ్వంటుంది. వాట్సాప్ కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో విజయవాడ వన్‌టౌన్‌లో నేను పనిచేసిన చీరల టోకు కొట్టు కంప్యూటర్‌కి తాళం సంగతి అటుంచి, గడియ కూడా ఉండేది కాదు. పాస్‌వర్డ్ పెడదామండీ అని నేనోసారి అంటే మా యజమాని నొచ్చుకున్నారు. "మనలో మనకి తాళాలేంటమ్మా?" అన్నారు. ఆ మాటకి నా కళ్లు చెమర్చాయి. (కళ్లు చెమర్చేవాళ్ల ఫైళ్లలోనే ముందు ఎవరో ఒకరు వేలు పెడతారని తర్వాత తెలిసింది.)

మాది పెడన. నాన్న మగ్గం నేసేవారు. డిగ్రీ అయ్యాక ఆ కొట్లో చేరాను. చీరలకి ఫొటోలు తీసి, కింద నాలుగు ముక్కలు టైపు చేసి, చుట్టుపక్కల ఊళ్లలోని చిన్న కొట్లవాళ్లకి పంపడం నా పని. ఆ నాలుగు ముక్కలు చెప్పేది మాత్రం బాబాయ్. ఆయన నాకు చుట్టమేమీ కాదు. పరుపు మీద కూర్చుని చీరలు చూపించే పెద్దాయన, కొట్లో అందరికీ బాబాయే. ఆయన చీర విప్పడం చూసి తీరాలి. ముందు కొంగు పరిచేవారు, తర్వాత అంచు చూపించేవారు. ఎక్కడైనా పోగు తెగినా, చిన్న మరక పడినా అది మడతలోనే ఉండిపోయేది. "అబద్ధం ఆడకూడదమ్మాయ్. మడత విప్పకూడదు, అంతే" అనేవారు. కొట్లోంచి బయటికి వెళ్లే ఏ కాగితం మీదైనా తన చెయ్యి పడందే ఆయనకి తోచేది కాదు, కంప్యూటర్‌లో ఉన్నదైనా అక్షరాలు వెతుక్కుంటూ ఒంటి వేలితో దిద్దేవారు.

అంతలో గన్నవరం నుంచి నాకో సంబంధం వచ్చింది. అబ్బాయి బ్యాంకులో ఉద్యోగం, వాళ్లమ్మగారికి చిన్న చీరల కొట్టు. ఫొటోలో అబ్బాయి పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. (సంబంధాలకి పంపే ఫొటోల్లో మగవాళ్లు నవ్వరు, ఇన్‌కమ్ టాక్స్ వాళ్ల ముందు నిలబడ్డట్టు ఉంటారు.) దాచడమెందుకు, నాకు నచ్చాడు. బయోడేటా పంపమన్నారని అమ్మ ఫోన్ చేస్తే, కొట్లోనే భోజనాల వేళ టైపు చేశాను. అప్పట్లో నాకు నిజాయితీ అంటే పిచ్చి. "వంట: రాదు, టీ వచ్చు. కోపం: ఉంది" అని రాసి, అదేదో ఘనకార్యంలా మురిసిపోయి, ఫైలు అక్కడే వదిలేసి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లాను. సాయంత్రం రద్దీలో దాన్ని మళ్లీ తెరిచి చూడకుండానే గన్నవరం వాళ్లకి మెయిల్ చేసేశాను.

ఆదివారం వాళ్లు పెడన వచ్చారు. కాఫీలయ్యాక వాళ్లమ్మగారు ఫోన్ తీసి, కళ్లజోడు సర్దుకుని, "వంటలో చెయ్యి తిరిగిన పిల్లవని రాశారు. ఉలవచారు ఎంతసేపు కాగాలమ్మా?" అని అడిగారు.

నేను బిత్తరపోయాను. "ఉలవచారా అండీ... రెండు విజిల్స్ వస్తే చాలు" అన్నాను. పూటంతా కాగాల్సిన ఉలవచారు! అబ్బాయి ఫొటోలోలాగే నవ్వాడు. నేను ఫోన్ అడిగి తీసుకుని చూద్దును కదా, "నిండైన అమ్మాయి. స్వభావం మెత్తన. ఎన్నేళ్లయినా వన్నె తగ్గదు. ఒకసారి చూస్తే వదలరు" అని ఉంది. ఒళ్లు మండిపోయింది. "ఇది నేను రాసింది కాదండీ. నాకు టీ ఒక్కటే వచ్చు. నా ఫైలు ఎవరో మార్చేశారు" అని చెప్పేశాను.

"నీ ఫైలు నీకు తెలీకుండా ఎవరు మారుస్తారమ్మా?" అన్నారావిడ. కబురు చేస్తామని లేచారు. మా వైపు ఆ మాటకి అర్థం ఏమిటో అందరికీ తెలుసు. "మార్చినవాళ్లకి దణ్ణం పెట్టాలి. నువ్వు నోరు మూసుకుంటే సరిపోయేది" అంది అమ్మ. రాత్రి అన్నం సయించలేదు. నవ్వే మొగుడు చేతికందినట్టే అంది జారిపోయాడని ఏడుపొచ్చింది.

సోమవారం కొట్లో అడుగుపెట్టగానే బాబాయ్ మీద విరుచుకుపడ్డాను. ఆయన ఏమాత్రం జంకలేదు. "తెరిచి ఉంది, చూశాను. తీసుకుపోతే దొంగతనం. నేను పెట్టి పోయాను గదమ్మాయ్!" అన్నారు.

"మీ ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంటే పక్కింటావిడ ఏం చేస్తుంది బాబాయ్?"

"ఏవండీ అని పిలుస్తుంది."

"ఎవరూ పలక్కపోతే?"

"వెనక్కి పోతుంది."

"లోపలికొచ్చి మీ కూరలో ఉప్పేసి పోదు కదా?"

"ఉప్పు తక్కువైతేనో?" అని గొణిగారు. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. అప్పుడు కళ్లజోడు తీసి తుడుచుకుని, "నిజమేనమ్మాయ్. నేను పిలవలేదు" అన్నారు. మధ్యాహ్నం పరుపు మీద ఆయన లేరు. గన్నవరం బస్సెక్కారట.

తిరిగొచ్చాక జరిగింది చెప్పారు. ఆవిడ మా కొట్టు మెసేజ్‌లు అందుకునే ఖాతాదారే. 'వన్నె తగ్గదు, చూస్తే వదలరు' అన్న ముక్క అంతకు ముందే పట్టుచీరల కింద చదివారట. అదే ముక్క పిల్ల ఫొటో కింద కనిపించేసరికి, ఇది పిల్ల మాటా, కొట్టు మాటా తేల్చుకుందామని ఉలవచారు సంగతి ఎత్తారట. "మడత తనే విప్పి చూపించింది. కాకపోతే తప్పు ఇంకొకరి మీద తోస్తోందేమోనని ఆగాను. ఆ ఇంకొకరు మీరే వచ్చి చెబుతున్నారు, ఇంకేం కావాలండీ?" అన్నారట. ఆ మాట చెబుతూ బాబాయ్ ఎన్నడూ లేనిది తలొంచుకున్నారు. నాకు మాత్రం ఎగిరి గంతేయాలనిపించింది. (కొట్లో గిరాకీ ఉండి ఆగాను.)

ఉలవచారు ఇప్పటికీ మా ఆయనే, ఆ ఫొటోలోలాగే నవ్వుతూ, కాస్తారు. మొన్న పాత మెయిల్‌లో ఆ బయోడేటా కనబడింది. వంట గురించిన ఆ లైను ఇన్నేళ్లయినా పచ్చి అబద్ధమే. కొట్టేద్దామని మీట మీద వేలు పెట్టి కూడా ఆగాను, అందులో నా మాటకంటే బాబాయ్ మాటే ఎక్కువ మరి. కొండపల్లిలో కూతురి దగ్గర ఉంటున్న ఆయనకి ఫోన్ చేసి, "ఏవండీ, లోపలికి రావచ్చా? బయోడేటాలో మీ వంట లైను కొట్టేద్దామని" అన్నాను. సంగతి అర్థమై పడీపడీ నవ్వారు.

"వంట వచ్చేసిందా?"

"లేదు బాబాయ్."

"అయితే ఉంచు తల్లీ, మడతలో పడుంటుంది" అన్నారు.

ఉంచాను. 'కోపం: ఉంది' అన్న లైను మాత్రం ఎంత వెతికినా అందులో లేదు. దాన్ని అంత గర్వంగా టైపు చేసి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లిన ఆ పిల్లని కూడా ఓసారి ఏవండీ అని పిలవాలనిపించింది. పలకదని తెలిసీ కాసేపు ఆ ఫైలు ముందే కూర్చున్నాను.