నా మీద కేసు పెట్టు కాకా

మా నాన్న సూర్యాపేటలో పశువుల డాక్టరు. స్కూటరు మీద ఊళ్లు తిరిగీ తిరిగీ నడుం పట్టేసి, తొంభైల మొదట్లో మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు యజమాని దగ్గర పాత అంబాసిడర్ కారు కొన్నాడు. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. ఆ కారు వెనక సీటు ఎన్నిసార్లు దులిపినా ఊక రాలేది. ఎండలో కాసేపు నిలబెడితే లోపలంతా తవుడు వాసన. కాలేజీకి అందులో వెళ్లొచ్చిన రోజు నా స్నేహితురాళ్లు నన్ను మిల్లు యజమాని కూతురని ఏడిపించేవాళ్లు.

కారుతో పాటు మిల్లు యజమాని కాగితాలన్నీ ఇచ్చాడు. ఇన్సూరెన్సు గడువు ఇంకా కొన్ని నెలలు ఉంది. కారుతో పాటు స్టెప్నీ వచ్చినట్టే ఇన్సూరెన్సూ వచ్చిందని నాన్న సంబరపడ్డాడు. ఆ ఆదివారం కోదాడ నుంచి మా మేనమామ భోజనానికి వచ్చాడు. ఆయన ఇన్సూరెన్సు ఏజెంటు. కాగితం మీద మిల్లు యజమాని పేరు చూసి, అన్నం ముందు నుంచి లేచినంత పని చేశాడు. కారు చేతులు మారితే పాలసీలో కూడా పేరు మారాలని, లేకపోతే రేపు ఏదైనా జరిగిన రోజున ఇదే కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుందని అన్నం తిన్నంతసేపూ చెప్పాడు. అమ్మ మాత్రం తమ్ముడు పప్పు చారు బాగుందో లేదో చెప్పలేదని మూతి ముడుచుకుంది.

సరే, పేరు ఎలాగూ మార్చాలి, గడువూ అయిపోవస్తోంది కాబట్టి కొత్త పాలసీయే తీసుకుందామనుకున్నాడు నాన్న. ఆయన బేరమాడకుండా కొత్తిమీర కట్ట కూడా కొనడు. మొదట సూర్యాపేటలో అడిగాడు. తర్వాత పని మీద మిర్యాలగూడ వెళ్లినప్పుడు అక్కడ అడిగాడు. చివరికి కోదాడ వెళ్లి మామయ్య ఆఫీసులోనే అడిగాడు. మూడు చోట్లా ఒకటే రేటు చెప్పారు. వీళ్లంతా ముందే కూడబలుక్కున్నారని నాన్న అనుమానం. మామయ్య నవ్వి, ఆ రేట్లు పైనుంచే ఖాయం చేసి పెడతారనీ, ఎవరూ పైసా తగ్గించలేరనీ, ఖర్చు తగ్గాలంటే ఏది కొనాలో ఎంచుకోవడమే మన చేతిలో ఉన్న పనీ అని చెప్పాడు. ఫుల్ ఇన్సూరెన్సు అయితే మన కారుకు సొట్ట పడినా, దొంగలెత్తుకుపోయినా వస్తుంది. అది ఖరీదు. థర్డ్ పార్టీ అయితే తక్కువలో అయిపోతుంది, చట్ట ప్రకారం అది మాత్రం ఉండి తీరాలి, కానీ మన కారుకు ఏమీ రాదు.

"బావా, అది మనకోసం కాదు. మన కారు తగిలి దెబ్బలు తిన్నవాడి కోసం," అన్నాడు మామయ్య.

నాన్నకు కోపం వచ్చింది. నేను ఎవరికి తగిలిస్తానని నీ ఉద్దేశం అన్నట్టు చూశాడు. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. ఆయన డ్రైవింగు అంత నెమ్మది. జనగామ రోడ్డు మీద మా కారును సైకిళ్లు దాటిపోయేవి, దాటిపోతూ సారుకు నమస్తే కూడా పెట్టేవి. చివరికి ఆ చవక పాలసీయే తీసుకుని, పోలీసులు ఆపితే చూపించడానికని కారులో పెట్టాడు. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ల కోసం డబ్బు కట్టానని నెల రోజులు సణిగాడు.

ఇక్కడ మా గొర్ల తాత గురించి చెప్పాలి. చివ్వెంల దగ్గర ఒక ఊరు ఆయనది. తాతలనాటి నుంచీ గొర్లే వాళ్ల బతుకు. అంతకు రెండేళ్ల ముందు ఆ పక్కన మందలకు రోగం వచ్చి గొర్లు ఎక్కడివక్కడ పడిపోతుంటే నాన్న రాత్రనక పగలనక ఆ ఊళ్లోనే ఉండి సూదులు వేశాడు. తాత మంద బతికింది. అప్పటినుంచి ఆయన సూర్యాపేట వస్తే మా ఇంటికి రాకుండా వెళ్లేవాడు కాదు. నాన్న కంటే పెద్దవాడు. నాన్న ఆయన్ని కాకా అనేవాడు, ఆయన నాన్నను సారూ అనేవాడు. ఒక చలికాలం మాకో గొంగడి తెచ్చి ఇచ్చాడు. అది కప్పుకుంటే ఒళ్లంతా గీరుకునేది. గీరుకుంటుందని అంటే ఆయన చిన్నబుచ్చుకుంటాడని, ఆయన వచ్చినప్పుడల్లా అమ్మ దాన్ని కనబడేలా మంచం మీద పరిచేది.

వానాకాలంలో ఒక సాయంత్రం నాన్నా నేనూ కోదాడ నుంచి వస్తున్నాం. చివ్వెంల దగ్గర రోడ్డుకు అడ్డంగా మంద వెళ్తోంది. నాన్న కారు ఆపాడు. మంద దాటింది. మళ్లీ కదిలించాడు. అవతలికి వెళ్లిన గొర్రెపిల్ల ఒకటి ఎందుకో వెనక్కి పరుగెత్తుకొచ్చింది, దాన్ని పట్టుకోవడానికి ఒక మనిషి వంగి కారు ముందుకు వచ్చాడు. నాన్న బ్రేకు తొక్కాడు. కారు ఆగింది, కానీ ఆగే లోపే మనిషి పడిపోయాడు. దిగి చూస్తే గొర్ల తాత. మోకాలి కింద కాలు ఉండాల్సిన తీరులో లేదు. గొర్రెపిల్లను మాత్రం రెండు చేతులతో పొట్టకు అదుముకుని ఉన్నాడు. నాన్నను చూడగానే, తప్పు తనే చేసినట్టు, "మీరా సారూ, నేను సూసుకోలే," అన్నాడు.

ఇద్దరం, ఊరివాళ్లూ కలిసి తాతను వెనక సీట్లో పడుకోబెట్టి సూర్యాపేట దవాఖానకు, అక్కడినుంచి హైదరాబాదుకు తీసుకువెళ్లాం. కాలికి రాడ్డు వేశారు. ఇంకో ఆపరేషను కావాలన్నారు. నడుస్తాడు కానీ మంద వెనక రోజంతా నడవడం ఇక కుదరదన్నారు.

తాత హైదరాబాదులో ఉండగానే వాళ్ల ఊరి పెద్దమనుషులు మా ఇంటికి వచ్చారు. నాన్న తలవంచుకుని కూర్చున్నాడు. వాళ్లు కోపంతో రాలేదు. సారు మనోడు, కావాలని చేసింది కాదు, మందుమాకుల ఖర్చు సారు చూసుకుంటాడు, పోలీసు స్టేషన్ మాట ఎత్తేది లేదు అని వాళ్లే తీర్మానం చేశారు. మా దిక్కున తెలిసినవాళ్ల మధ్య అంతే. ఏదైనా జరిగితే కూర్చుని మాట్లాడుకుంటారు. కేసు పెట్టడమంటే తిట్టినదానికంటే ఎక్కువ. చాయ్ తాగి, తువ్వాలలు దులుపుకుని వెళ్లిపోయారు. ఆ రాత్రి చాలా రోజులకు నాన్న అన్నం సరిగ్గా తిన్నాడు.

సంగతి తెలిసి మామయ్య కోదాడ నుంచి వచ్చి తల పట్టుకున్నాడు. పోలీసు కేసు లేకపోతే ఇన్సూరెన్సు కంపెనీ లెక్కలో అసలు యాక్సిడెంటే జరగలేదట. తాతకు రావాల్సిన నష్టపరిహారం మొత్తం ఆ పెద్దమనుషుల మంచితనంలో కొట్టుకుపోతోంది. అప్పటికే నాన్న జీతం ఎంత సాగదీసినా రెండో ఆపరేషనుకు అందేలా లేదు. తాతకు కొడుకుల్లేరు. ఆయన భార్య తమ్ముడు వచ్చి మందను మేపుతున్నాడు కానీ ఎన్నాళ్లు ఉంటాడో చెప్పడం లేదు. గొర్లు కొనే వ్యాపారి ఒకతను అప్పటికే వచ్చి మందను చూసి వెళ్లాడని తెలిసింది. మంద అమ్మేస్తే ఆ ముసలివాళ్లిద్దరూ ఏం తిని బతకాలి? తిండి సంగతి అటుంచి, పొద్దున లేచి ఏం చేయాలి?

అప్పుడు మొదలైంది నాన్న తిరుగుడు. లోకంలో అందరూ కేసు పెట్టవద్దని కాళ్లు పట్టుకుంటారు. మా నాన్న పెట్టమని బతిమాలడానికి ఆ ఊరికి కాళ్లరిగేలా తిరిగాడు. కారు తీయబుద్ధి కాక బస్సులో వెళ్లేవాడు. తాత ససేమిరా అన్నాడు. తన తరఫున పెద్దమనుషులు ఇచ్చిన మాట ఎలా తప్పుతానన్నాడు. మామయ్య కూడా ఒకసారి వెళ్లి, కేసు మీ సారు మీద కాదు, కంపెనీ మీదే అని చెప్పబోతే నాన్న మధ్యలోనే ఆపాడు. అబద్ధం చెప్పి ఒప్పించవద్దు, కేసు నా మీదే, కోర్టులో నిలబడేది నేనే, జరిమానా పడితే కట్టేది నేనే, ఆ తర్వాతే కంపెనీ ఇస్తుంది అని విడమరిచి చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. కాస్త అబద్ధమాడితే పని అయ్యేదానికి ఈ సత్యహరిశ్చంద్రుడి వేషం ఎందుకని ఇంటికొచ్చాక గట్టిగానే అన్నాను.

తర్వాతి ఆదివారం నాన్న నన్ను కూడా వెంట తీసుకెళ్లాడు. తాత మంచం మీద ఉన్నాడు, కట్టు కట్టిన కాలు దిండు మీద ఉంది. నాన్న కింద కూర్చున్నాడు.

"నా మీద కేసు పెట్టు కాకా," అన్నాడు మళ్లీ.

"నా మంద పానం నిలవెట్టినోని మీద కేసు వెడితే ఊరోళ్లు నా మొకాన ఉమ్మరా సారూ?"

నాన్న మంచం దగ్గరికి జరిగాడు. "సూది ఏసేటప్పుడు గొర్రెను గట్టిగ వట్టుకునేది నువ్వే గద కాకా. దాని మీద పగతోని వట్టుకుంటవా? గిది గూడ గంతే. నన్ను జర వట్టుకో. సూది వడనియ్యి."

గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న తాత భార్య తలెత్తకుండానే అంది: "పెట్టరాదూ కేసు? గొర్లు పోయినంక నువ్వు బతుకవు. నాకెర్కే."

మర్నాడు తాతను స్టేషనుకు తీసుకువెళ్లింది నాన్నే, అదే కారులో. ఫిర్యాదు ఎవరి మీద అని అడిగితే తాత పక్కన తనను పట్టుకుని నిలబడ్డ మనిషిని చూపించాడు. సారు మంచోడని కూడా రాయమని పట్టుబట్టాడు. అది ఫిర్యాదులో రాయడం కుదరదని ఆ హెడ్ కానిస్టేబుల్ పాపం చాలాసేపు ఓపికగా చెప్పాడు. ఇన్ని రోజులు ఎందుకు ఆగారని అడిగి, ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. తర్వాత నాన్న కోర్టులో తప్పు ఒప్పుకుని జరిమానా కట్టాడు.

నష్టపరిహారం కేసు నల్లగొండ కోర్టులో నడిచింది. పాలసీ నాన్న పేరు మీదే ఉంది, గడువు ఉంది, లైసెన్సు ఉంది. కంపెనీ వకీలుకు పట్టుకోవడానికి ఒక్కటే దొరికింది. వీళ్లిద్దరూ స్నేహితులు, కాలు ఇంకెక్కడో విరిగింది, డబ్బు కోసం ఆలస్యంగా కేసు అల్లారు అన్నాడు. నిజానికి ఆయన అనుమానంలో తప్పు లేదు. కొట్టినవాడి మీద ఒక్క కసురుమాట లేని బాధితుణ్ణి ఎవరు నమ్ముతారు? మా వకీలు భయపడి ఇకనుంచి వాయిదాలకు ఇద్దరూ కలిసి రావద్దన్నాడు, ఆవరణలో పలకరించుకోవద్దన్నాడు.

అలా ఇద్దరూ వేరు వేరు బస్సుల్లో వచ్చేవాళ్లు. తాత ఒక చెట్టు కింద, నాన్న ఇంకో చెట్టు కింద. అమ్మ ఇద్దరికీ కలిపే జొన్నరొట్టెలు కట్టేది. సగం తీసుకుని నేను ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకు వెళ్లేదాన్ని. కాలు నొప్పి ఉందేమో అడగమని నాన్న పంపేవాడు. సారు బక్కచిక్కిండు, తింటుండా లేదా అని తాత అడిగి పంపేవాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేవి.

తాత సాక్ష్యం రోజు వచ్చింది. ఇవాళ కూడా డాక్టరు కారులోనే వచ్చావు కదా అని కంపెనీ వకీలు అడిగాడు. లేదు, బస్సులో వచ్చానన్నాడు తాత. అక్కడితో ఆగితే తాత ఎందుకవుతాడు? కలిసి రావద్దని మా వకీలు సారు చెప్పాడని కూడా అన్నాడు. మా వకీలు ఫైలుతో మొహం కప్పుకున్నాడు. మంద పోయినట్టే అనుకున్నాను.

"అయితే నిన్ను గుద్దిన మనిషి ఇక్కడ ఉన్నాడా? వేలు పెట్టి చూపించు," అన్నాడు కంపెనీ వకీలు.

తాత వేలు లేవలేదు. నాన్న వైపు చూశాడు, కింద చూశాడు. కోర్టంతా ఎదురుచూస్తోంది. చూపించకపోతే కేసు అక్కడే అయిపోతుంది. నాన్న కళ్లతోనే బతిమాలుతున్నాడు. అప్పుడు తాత కర్ర అందుకుని, ఎవరినీ అడగకుండా బోను దిగి, ఒక్కో అడుగూ ఈడ్చుకుంటూ వచ్చి నాన్న భుజం మీద చెయ్యి వేశాడు.

"ఈయననే దొరా. నా మందను బతికిచ్చింది ఈయననే. నా కాలిరిగింది ఈయన కారుకిందనే. రెండూ నిజమే. ఒకటి జెప్పి ఒకటి దాస్తే నాకు పాపం తగుల్తది."

నాన్న ఏడ్చాడు. అందరి ముందూ, మొహం కూడా దాచుకోకుండా ఏడ్చాడు. జడ్జిగారు చాలాసేపు రాసుకున్నారు. కళ్లద్దాలు తీసి, "వచ్చేటప్పుడు ఎలా వచ్చారో గానీ, పోయేటప్పుడు కలిసే వెళ్లండి," అన్నారు.

తీర్పు రావడానికి మరో ఎండాకాలం పట్టింది. కంపెనీ కట్టింది, రెండో ఆపరేషను అయింది, మందను మేపడానికి మనిషిని పెట్టుకున్నారు, గొర్లు అమ్మలేదు. కానీ నాకు ఆ తీర్పు మాట అంతగా గుర్తు లేదు. తాత సాక్ష్యం చెప్పిన రోజు సాయంత్రం ఎక్కిన సూర్యాపేట బస్సు గుర్తుంది. సీటు ఇరుకు. తాత కాలు మడవలేక అవస్థ పడుతుంటే నాన్న దాన్ని జాగ్రత్తగా ఎత్తి తన ఒళ్లో పెట్టుకున్నాడు. తాత సిగ్గుతో చచ్చిపోయాడు, అందరూ చూస్తున్నారని కాలు లాక్కోబోయాడు.

"నేనిరిసిన కాలు కాకా," అన్నాడు నాన్న, దాన్ని గట్టిగా పట్టుకుని. "ఇంటిదాంక నన్ను మొయ్యనియ్యి."